పశువుల్లో ఈసుడు రోగం – మనుషుల్లో విడవని జ్వరం

కొన్నేళ్ల క్రితం ఒక పాల వ్యాపారి మా మతబ్‌కు వచ్చాడు. వయసు ముప్పై అయిదుకు లోపే. నడుం పట్టుకుని, గోడ ఆసరాతో కూర్చున్నాడు.

"హకీమ్ సాబ్, పగలంతా మంచిగనే ఉంటది. మగ్రిబ్ దాటితే చలి పుడ్తది, బుఖార్ వస్తది. తెల్లారేసరికి బనియన్ పిండితే నీళ్లు కారుతయి. నడుం, మోకాళ్లు ఇరిగిపోతున్నయి" అన్నాడు.

అప్పటికే టైఫాయిడ్ అని ఒకచోట, మలేరియా అని మరొకచోట మందులు వాడి వచ్చాడు. నేను నబ్జ్ చూశాను, నాలుక చూశాను, వజవుల్ మఫాసిల్ అంటే కీళ్లనొప్పుల రోగం అనుకున్నాను. మాజూన్ సూరంజాన్ ఇచ్చాను. నొప్పి కొంత తగ్గింది. జ్వరం వారం రోజులు పోయి మళ్లీ వచ్చింది. ఇలా రెండు నెలలు గడిచాయి. మనిషి సగమైపోయాడు.

ఒకరోజు అతనితో వాళ్ల అమ్మ కూడా వచ్చింది. మాటల్లో మాటగా ఆమె అన్నది: "ఈ ఏడు మాకు టైం మంచిగ లేదు సాబ్. కొత్తగ తెచ్చిన బర్రె ఏడో నెలల ఈసుకుపోయింది. దూడను వీడే చేతులు పెట్టి తీసిండు. అప్పటి నుంచి వీడికిట్ల."

నేను రెండు నెలల కిందట అడగవలసిన ప్రశ్నకు ఆ తల్లి అడగకుండానే జవాబు చెప్పింది. వెంటనే నాందేడ్‌లోని పెద్దాసుపత్రికి చీటీ రాసి పంపాను. రక్తపరీక్షలో బ్రూసెల్లోసిస్ అని తేలింది. ఆరు వారాలు మందులు మింగాడు. జ్వరం పోయింది. నడుం నొప్పి పూర్తిగా తగ్గడానికి మాత్రం మరికొన్ని నెలలు పట్టింది. ఆ రెండు నెలల ఆలస్యం నాది. అందుకే ఈ వారం ఈ పాఠం.

ఏమిటీ రోగం?

బ్రూసెల్లా అనే అతి సూక్ష్మమైన బ్యాక్టీరియా వల్ల వచ్చే రోగం ఇది. చూడి పశువు నెలలు నిండకుండానే ఈసుకుపోవడం దీని ముఖ్య లక్షణం కాబట్టి మన రైతులు ఈసుడు రోగం, ఈసుకుపోయే రోగం అంటారు. ఇక్కడి మరాఠీ రైతులు 'సాంసర్గిక్ గర్భపాత్' అంటారు, అంటే అంటుకునే గర్భపాతం.

ఈ బ్యాక్టీరియాలో కొన్ని రకాలున్నాయి. ఆవులు, బర్రెల్లో ఎక్కువగా ఉండేది బ్రూసెల్లా అబార్టస్. మేకలు, గొర్రెల్లో ఉండేది బ్రూసెల్లా మెలిటెన్సిస్. రెండూ మనిషికి వస్తాయి. మేకలు, గొర్రెల నుంచి వచ్చేది మనిషిని మరింత గట్టిగా పట్టుకుంటుంది. ఒక రకం పశువుల సూక్ష్మజీవి ఇంకో రకం పశువుకు ఎక్కడం కూడా ఉంది. ఆవులు, మేకలు ఒకే కొట్టంలో ఉన్న ఇళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

మాల్టా మేకలు చెప్పిన పాఠం

మధ్యధరా సముద్రంలో మాల్టా అనే చిన్న దీవి ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి బ్రిటిష్ సైనికులు ఒక వింత జ్వరంతో నెలల తరబడి మంచం పట్టేవారు. ఎక్కుతూ, దిగుతూ అలలుగా వచ్చే ఆ జ్వరాన్ని మాల్టా జ్వరం అన్నారు. 1887లో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు చనిపోయిన సైనికుల ప్లీహం, అంటే తిల్లీ నుంచి ఈ సూక్ష్మజీవిని వేరుచేసి చూపాడు. ఆయన పేరు మీదే దానికి బ్రూసెల్లా అన్న పేరు వచ్చింది.

అయితే అది ఎక్కడి నుంచి వస్తోందో మరో పద్దెనిమిదేళ్లు ఎవరికీ అంతు చిక్కలేదు. 1905లో మాల్టాకే చెందిన థెమిస్టోక్లిస్ జమ్మిత్ అనే వైద్యుడు అక్కడి మేకలను పరీక్షించాడు. చూడటానికి నిక్షేపంగా, చక్కగా పాలిస్తున్న మేకల రక్తంలో ఈ రోగం ఆనవాళ్లు కనిపించాయి. 1906లో సైనికులకు పచ్చి మేకపాలు ఆపేశారు. సైన్యంలో జ్వరం వేగంగా తగ్గిపోయింది. పచ్చిపాలు మానని దీవి ప్రజల్లో మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు కొనసాగింది.

ఇంకొక వైపు 1897లో డెన్మార్క్‌లో బెర్నార్డ్ బాంగ్ అనే పశువైద్యుడు ఆవులు ఈసుకుపోవడానికి కారణమైన సూక్ష్మజీవిని కనిపెట్టాడు. ఆవు రోగం వేరు, మాల్టా జ్వరం వేరు అని అందరూ అనుకునేవారు. ఈ రెండూ ఒకే కుటుంబానికి చెందినవని 1918లో అమెరికా శాస్త్రవేత్త ఆలిస్ ఇవాన్స్ ప్రకటించింది. చాలామంది పెద్దలు ఆమె మాట నమ్మలేదు. 1922లో ప్రయోగశాలలో పని చేస్తూ ఆమే ఈ రోగం బారినపడి ఏళ్ల తరబడి బాధపడింది. చివరికి ఆమె మాటే నిజమైంది.

ఈ చరిత్ర చెప్పడానికి కారణం ఉంది. పశువు ఆరోగ్యంగా కనిపిస్తోంది కాబట్టి పాలు మంచివే అన్న నమ్మకం నూరేళ్ల కిందటే తప్పని తేలిపోయింది. మన ఊళ్లలో మాత్రం ఇంకా బతికే ఉంది.

మన పశువుల్లో ఎంత ఉంది?

ఈ రోగం ఎంత వ్యాపించిందో తెలుసుకోవడానికి పశువుల రక్తం, పాలు పరీక్షిస్తారు. 1998లో వెలువడిన ఒక పెద్ద సర్వేలో 23 రాష్ట్రాల నుంచి 30 వేలకు పైగా ఆవులు, బర్రెల రక్తనమూనాలు చూశారు. రెండింటిలోనూ వందకు సుమారు రెండింటిలో రోగం ఆనవాళ్లు దొరికాయి. ఇంకొన్ని లెక్కల్లో ఆవుల్లో 5 శాతం, బర్రెల్లో 3 శాతం అని ఉంది. 2010లో వచ్చిన మరొక అధ్యయనంలో, పెద్ద పెద్ద పాడి ఫారాలను పరీక్షిస్తే ఐదో వంతుకు పైగా పశువుల్లో కనిపించింది.

ఒకచోట రెండు శాతం, ఇంకొకచోట ఇరవై శాతం ఏమిటని మీరు అడగవచ్చు. రెండూ నిజమే. పల్లెలో ఒక ఇంట్లో రెండు పశువులుంటాయి. ఒక దానికి రోగం వచ్చినా ఇంకొకదానితో ఆగిపోతుంది. ఫారంలో నూరు పశువులు ఒకే తొట్టిలో నీళ్లు తాగుతాయి, ఒకే చోట ఈనుతాయి. ఒకటి ఈసుకుపోతే పక్కనున్నవన్నీ ప్రమాదంలో పడతాయి. పైగా ఈసుకుపోవడాలు ఎక్కువైన ఫారాలనే ముందుగా పరీక్షకు ఎంచుకుంటారు కాబట్టి అక్కడ అంకె పెద్దగా ఉంటుంది.

సరే, రెండు శాతమే కదా అని నిశ్చింతగా ఉండవచ్చా? చిన్న లెక్క వేయండి. వందకు రెండు అంటే యాభైకి ఒకటి. యాభై పశువుల పాలు ఒకే డబ్బాలో కలిస్తే, సగటున ఒక రోగిష్టి పశువు పాలు అందులో ఉన్నట్టే. మీ గుమ్మంలో పాలు పోసే మనిషి ఎన్ని ఇళ్ల పాలు కలిపి తెస్తున్నాడో ఆలోచించండి. కాచకుండా తాగే ఒక్క గ్లాసుకు రెండు శాతం అనే అంకె చిన్నది కాదు.

ఇక రైతు నష్టం సంగతి. దూడ పోతుంది. ఆ ఈతలో పాలు తగ్గిపోతాయి. మళ్లీ ఎదకు రావడం, చూడి నిలవడం ఆలస్యమవుతుంది. ఈ రోగం వల్ల మన దేశంలోని పశుసంపదకు కలిగిన నష్టాన్ని 2015లో వచ్చిన ఒక అధ్యయనం సుమారు 340 కోట్ల అమెరికన్ డాలర్లుగా అంచనా వేసింది.

ఏ కొట్టానికి ప్రమాదం ఎక్కువ?

1. అంగడి పశువు: అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. ఈసుకుపోయిన పశువును ఇంట్లో ఉంచుకోవడానికి రైతు ఇష్టపడడు. ఆ సంగతి చెప్పకుండా అంగడికి తోలతాడు. కొన్నవాడు "సస్తాగా దొరికింది" అని సంతోషంగా ఇంటికి తెచ్చుకుంటాడు. మన ధర్మాబాద్ రెండు రాష్ట్రాల సరిహద్దు. సరిహద్దు దాటితే బాసర, ఆపైన ముధోల్, భైంసా. ఇటు ఉమ్రి, నాయగావ్, బిలోలి, కుండల్‌వాడి. పశువులు అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు చేతులు మారుతూనే ఉంటాయి. అమ్మేవాడు ఒక రాష్ట్రంవాడు, కొనేవాడు ఇంకొక రాష్ట్రంవాడు. పశువు గతం మధ్యలో పోతుంది.

2. మంద పెద్దదవడం: పశువుల సంఖ్య పెరిగి, స్థలం పెరగకపోతే ప్రమాదం పెరుగుతుంది.

3. ఈనే చోటు విడిగా లేకపోవడం: ఈసుకుపోయిన పిండం, మాయ, ఉమ్మనీరు – వీటిలో ఈ సూక్ష్మజీవి లెక్కలేనంత ఉంటుంది. అది పడిన గడ్డి తిన్నా, ఆ పశువును నాకినా రోగం అంటుకుంటుంది.

4. మాయను పారేసే తీరు: మన దగ్గర మాయను గుడ్డలోనో గోనెలోనో మూటకట్టి మర్రి చెట్టుకు వేలాడదీసే అలవాటుంది. పాలు బాగా పడతాయని నమ్మకం. ఆ మూట నుంచి కారేది కింద నేల మీదే పడుతుంది. కొందరు పెంటకుప్ప మీద వేస్తారు. కుక్కలు లాక్కుపోయి ఊరంతా తిప్పుతాయి.

5. ఊరుమ్మడి ఆంబోతు, దున్నపోతు: రోగం ఉన్న మగ పశువు వీర్యంలోనూ సూక్ష్మజీవి ఉండవచ్చు. ఒక దున్న పది ఇళ్ల బర్రెలను కలుస్తుంది. పరీక్షించిన పశువుల వీర్యంతో వేసే సూది దీనికంటే భద్రం.

6. గొర్రెల మంద: ఎరువు కోసం చేలల్లో గొర్రెల మందను రాత్రిళ్లు ఆపించడం మంచి అలవాటే. అయితే ఈనే కాలంలో ఉన్న మందతో మన పశువులను కలిపి మేపకూడదు.

7. వయసు, ఈతలు: లేగదూడల్లో ఈ రోగం అంతగా బయటపడదు. చూడి కట్టే వయసు వచ్చాకే సూక్ష్మజీవి విజృంభిస్తుంది. రోగిష్టి తల్లికి పుట్టిన పెయ్యదూడ పరీక్షలో బాగానే కనిపించి, తన తొలి ఈతకు రోగం బయటపెట్టవచ్చు.

8. టీకా వేయించకపోవడం.

కొందరు "మావి నాటు ఆవులు, దేవణీ, ఎర్ర కంధారి. వీటికి ఏ రోగం రాదు" అంటారు. ఈ రెండూ మన ప్రాంతం గర్వించదగిన జాతులే. ఎర్ర కంధారి పుట్టింది మన నాందేడ్ జిల్లా కంధార్‌లోనే. జెర్సీ, హెచ్ఎఫ్ సంకర ఆవుల్లో రోగం ఎక్కువగా దొరకడం కూడా చాలాచోట్ల నిజమే. కానీ నాటు ఆవుకు ఈ రోగం రాదన్న మాట మాత్రం నిజం కాదు. నాటు పశువులు చిన్న చిన్న కొట్టాల్లో విడివిడిగా పెరుగుతాయి, సంకర ఆవులు ఫారాల్లో కిక్కిరిసి ఉంటాయి. ఆ తేడాను మరిచిపోకూడదు.

పశువులో ఎలా గుర్తుపట్టాలి?

చూడి అయిదో నెల దాటాక, ముఖ్యంగా ఏడు ఎనిమిది నెలల్లో ఈసుకుపోవడం, ఆ తర్వాత మాయ పడకపోవడం, బలహీనమైన దూడ పుట్టి చనిపోవడం, మగ పశువుల్లో వృషణాల వాపు, కొన్నిటికి మోకాళ్ల దగ్గర నీటి గడ్డలు – ఇవి ముఖ్యమైన గుర్తులు. పశువుకు జ్వరం ఉన్నట్టు, మేత మానినట్టు సాధారణంగా కనిపించదు.

అసలు మోసం ఇక్కడే ఉంది. ఒకసారి ఈసుకుపోయిన పశువు తర్వాతి ఈతలు చాలావరకు మామూలుగానే ఈనుతుంది. "రోగం పోయింది" అని యజమాని అనుకుంటాడు. పోలేదు. అది పొదుగులో, గ్రంథుల్లో దాక్కుంది. ఏళ్ల తరబడి పాలతో, ఈనినప్పుడు వచ్చే స్రావాలతో బయటికి వస్తూనే ఉంటుంది. పశువుకు మందులతో నమ్మకంగా నయం చేసే మార్గం లేదు.

ఈసుకుపోవడానికి దెబ్బ తగలడం, విషపు మేత, ఇతర రోగాలు కూడా కారణం కావచ్చు. కాబట్టి ఊహించకుండా పశువుల దవాఖానాలో రక్తం పరీక్ష చేయించాలి. రోజ్ బెంగాల్ అనే గులాబీ రంగు ద్రావకం ఒక చుక్క, పశువు రక్తం నుంచి తీసిన సీరం ఒక చుక్క కలిపితే నాలుగు నిమిషాల్లో గుంపులు కట్టడం చూసి అనుమానం తేల్చుతారు. డబ్బా పాలకు వేరే పరీక్ష ఉంది. రోగం ఉంటే మీగడ దగ్గర నీలిరంగు వలయం కడుతుంది. తర్వాత ఎలీసా పరీక్షతో నిర్ధారిస్తారు.

మనిషికి ఎలా వస్తుంది?

మూడు దారులు. ఒకటి నోరు: పచ్చిపాలు, కాచని పాలతో చేసిన పదార్థాలు. రెండు చర్మం: చేతుల మీద చిన్న గీత ఉన్నా చాలు, ఈనే పశువుకు సాయం చేసేటప్పుడు, మాయ తీసేటప్పుడు, మాంసం కోసేటప్పుడు లోపలికి పోతుంది. కంట్లో పడ్డా అంతే. మూడు శ్వాస: ఈసుకుపోయిన కొట్టం ఊడ్చేటప్పుడు లేచే దుమ్ము. గాలితో రావడం ఎంత ప్రమాదమో 2019లో చైనాలోని లాంజౌ నగరంలో చూశాం. పశువుల టీకా తయారుచేసే కర్మాగారం నుంచి సూక్ష్మజీవి గాలిలో కలిసి 10 వేలకు పైగా మందికి సోకింది.

మన యునానీలో ఆరోగ్యానికి ఆధారంగా ఆరు విషయాలు చెబుతారు, అస్బాబె సిత్తా జరూరియా అని. అందులో మొదటిది గాలి, రెండోది అన్నపానీయాలు. ఈ రోగం ఆ రెండు దారుల్లోనూ వస్తుంది. మనిషి నుంచి మనిషికి రావడం మాత్రం చాలా అరుదు. కాబట్టి రోగిని దూరం పెట్టడం, అతని గిన్నె విడిగా ఉంచడం అనవసరం.

ఎవరికి ప్రమాదం ఎక్కువ? పాడి రైతులకు, గొర్రెల కాపరులకు, మాంసం దుకాణంలో పనిచేసేవారికి, పశువైద్య సిబ్బందికి. మన ఇళ్లలో కొట్టం ఊడ్చేది, పేడ ఎత్తేది, పాలు పితికేది ఎక్కువగా ఆడవాళ్లే. గర్భంతో ఉన్న స్త్రీకి ఈ రోగం వస్తే గర్భస్రావమయ్యే ప్రమాదం ఉంది. అలాంటి ఆడవాళ్లను ఈనే పశువు దగ్గరికి పంపకండి.

మనిషిలో లక్షణాలు

సూక్ష్మజీవి చేరిన తర్వాత సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకు, ఒక్కోసారి నెలల తర్వాత బయటపడుతుంది. సాయంత్రం ఎక్కే జ్వరం, రాత్రి ఒళ్లంతా చెమట, నడుం, తుంటి, మోకాళ్ల నొప్పులు, తలనొప్పి, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం, విపరీతమైన నీరసం, మనసు దిగులుగా ఉండటం. మగవారిలో కొందరికి వృషణాల్లో వాపు, నొప్పి వస్తుంది. సిగ్గుతో చెప్పరు. మేమే అడగాలి.

నిర్లక్ష్యం చేస్తే వెన్నెముకను, కీళ్లను పాడు చేస్తుంది. అరుదుగా గుండె కవాటాలకు, మెదడుకు కూడా పాకుతుంది.

టైఫాయిడ్, మలేరియా, క్షయ, కీళ్లవాతం – ఈ నాలుగు వేషాల్లోనూ ఇది వస్తుంది. పైకి ఒకేలా కనిపించే మసూచిని, తట్టును విడదీసి చూపిన హకీమ్ రాజీ మా విద్యకు పెద్ద దిక్కు. జ్వరాలను విడదీసి చూడమన్న ఆయన పాఠాన్ని నేను ఆ పాల వ్యాపారి విషయంలో మరిచిపోయాను. ఇప్పుడు రెండు వారాలు దాటిన ఏ జ్వరంలోనైనా నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. ఇంట్లో పశువులున్నాయా? ఈ మధ్య ఏదైనా ఈసుకుపోయిందా? పచ్చిపాలు తాగారా? మీ డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.

చికిత్సలో యునానీ స్థానం

ఈ మాట స్పష్టంగా రాస్తున్నాను. ఈ రోగాన్ని యునానీ మందులతో నయం చేయడానికి ప్రయత్నించకండి. ఇంగ్లీషు మందులే వాడాలి. రక్తపరీక్షతో నిర్ధారించాక డాక్టర్లు సాధారణంగా డాక్సీసైక్లిన్‌తో పాటు రిఫాంపిసిన్‌ను ఆరు వారాలు ఇస్తారు, లేదా రిఫాంపిసిన్ బదులు మొదటి రెండు మూడు వారాలు స్ట్రెప్టోమైసిన్ సూదులు ఇస్తారు. గర్భిణులకు, చిన్న పిల్లలకు మందులు వేరు. సొంతంగా కొని వాడకూడదు.

రెండు జాగ్రత్తలు. పది రోజులకే జ్వరం తగ్గుతుంది. అప్పుడు మందు ఆపేస్తే రోగం తిరగబడుతుంది, ఆరు వారాలు పూర్తి చేయాల్సిందే. రిఫాంపిసిన్‌తో మూత్రం నారింజ రంగులోకి మారుతుంది. రక్తం పడుతోందని భయపడి మందు మానకండి.

మరి హకీముకు పని లేదా? ఉంది. పత్యం చెప్పడం, నీరసించిన మనిషికి జావ, మూంగ్ దాల్ ఖిచిడీ, యఖ్నీ వంటి తేలిక ఆహారంతో బలం తేవడం, మందుల కోర్సు అయ్యాక మిగిలిన నొప్పులకు, బలహీనతకు సాయం చేయడం. అది కూడా డాక్టరుకు చెప్పి. సూరంజాన్ నొప్పిని అణచగలదు కానీ సూక్ష్మజీవిని చంపలేదు. నొప్పి అణగడం వల్లే నా రోగి రెండు నెలలు పోగొట్టుకున్నాడు.

పాలు, మాంసం: ఇంట్లో జాగ్రత్తలు

ఈ సూక్ష్మజీవి వేడికి తట్టుకోలేదు. 63 డిగ్రీల వేడిలో అరగంట, లేదా 72 డిగ్రీల వేడిలో 15 సెకన్లు ఉంచితే చాలు, చచ్చిపోతుంది. డెయిరీల్లో పాశ్చరైజేషన్ అంటే ఇదే. మన ఇళ్లలో పాలు పొంగు వచ్చేదాకా కాచి, గరిటెతో కలుపుతూ ఇంకో రెండు నిమిషాలు ఉంచితే ఏ భయం లేదు. కాచిన పాలతో తోడేసిన పెరుగు, లస్సీ, వెన్న, నెయ్యి, చాయ్ అన్నీ భద్రమే. పచ్చిపాలు తోడేసి, పుల్లబడితే చాలు అనుకోకండి. ఆ పులుపు మీద ఆధారపడలేం.

పిల్లలకు పొదుగు కిందే గ్లాసు పట్టి నురుగు పాలు తాగించే అలవాటు మానండి. ప్రేమతో చేసే పనే అయినా ప్రమాదం. డెంగ్యూ రోజుల్లో ప్లేట్‌లెట్లు పెరుగుతాయని పచ్చి మేకపాలు వెదికి తెచ్చి, ఎక్కువ ధర పెట్టి తాగిస్తున్నారు. మేకపాలతో ప్లేట్‌లెట్లు పెరుగుతాయనడానికి నమ్మదగిన రుజువు లేదు. మాల్టా సైనికులను మంచాన పడేసింది అవే పచ్చి మేకపాలు. కొందరు "యునానీలో మేకపాల వైద్యం ఉంది కదా" అంటారు. మా పద్ధతిలో మాఉల్ జుబ్న్ చేసేటప్పుడు పాలను కాచి విరగ్గొట్టి నీళ్లు తీస్తాం. పచ్చిగా తాగించం.

మాంసం పూర్తిగా ఉడికితే భయం లేదు. రక్తం పట్టాలని పిల్లలకు, బాలింతలకు తిల్లీని నిప్పుల మీద కాల్చి పెట్టే ఇళ్లున్నాయి. బ్రూస్ ఈ సూక్ష్మజీవిని పట్టుకున్నది తిల్లీలోనే అని పైన చెప్పాను. పైన మాడి లోపల పచ్చిగా ఉన్న ముక్క పెట్టకండి, బాగా ఉడికించండి. బక్రీద్ రోజుల్లో కోసేవారు, శుభ్రం చేసేవారు చేతులకు గాయాలుంటే కట్టుకట్టి, రబ్బరు తొడుగులు వేసుకోవాలి. పని అయ్యాక సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోవాలి.

కొట్టంలో జాగ్రత్తలు, టీకా

కొత్త పశువును తెచ్చిన రోజే పాత వాటితో కట్టేయకండి. నెల రోజులు విడిగా ఉంచి, రక్తం పరీక్ష చేయించి, వీలైతే మరో నెలకు ఇంకోసారి చేయించి కలపండి. ఈసుకుపోయిన పశువును స్రావాలు ఆగేదాకా దూరంగా కట్టండి. పిండాన్ని, మాయను చేతులతో ముట్టకుండా, నాలుగడుగులకు తక్కువ కాని గుంత తీసి, సున్నం చల్లి పూడ్చండి. చెట్టుకు కట్టవద్దు. ఆ చోట గడ్డి కాల్చేసి, నేలను బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో తడపండి. పొడిగా ఊడ్చకండి. ఎండ బాగా తగిలితే ఈ సూక్ష్మజీవి త్వరగా చస్తుంది. తడి, నీడ ఉన్న చోట వారాలు, నెలలు బతుకుతుంది.

టీకా ఒక్కటే శాశ్వత మార్గం. 4 నుంచి 8 నెలల వయసున్న పెయ్యదూడలకు జీవితంలో ఒక్కసారి వేస్తే చాలు. కోడెదూడలకు, చూడి పశువులకు వేయకూడదు. ఇది బతికున్న సూక్ష్మజీవితో చేసిన టీకా కాబట్టి పశువైద్య సిబ్బందే జాగ్రత్తగా వేయాలి. 2019 సెప్టెంబరు 11న మధురలో కేంద్ర ప్రభుత్వం గాలికుంటు, ఈసుడు రోగాల నివారణకు జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. సుమారు 13 వేల కోట్ల రూపాయల ఖర్చుతో మొదలైన ఆ పథకం 2030 నాటికి ఈ రోగాలను నిర్మూలించాలని లక్ష్యం పెట్టుకుంది. దాని కింద పెయ్యదూడలకు ఈ టీకా ఉచితం. చెవికి 12 అంకెల బిళ్ల వేస్తారు. బిళ్ల వేస్తే పాలు తగ్గుతాయన్న మాట ఉత్తిది. సరిహద్దు ఊళ్లలో పశువు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే సాక్ష్యం ఆ బిళ్లే. పశువుల అంబులెన్సు కోసం 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

తరచూ అడిగే ప్రశ్నలు

*మా బర్రెకు రోగం ఉందని తేలింది. అమ్మేయవచ్చా?* చెప్పకుండా అమ్మడం ఇంకో ఇంటికి జ్వరం అమ్మడమే. విడిగా కట్టి, పాలు కాచి వాడుతూ, పశువైద్యుడు చెప్పినట్టు నడుచుకోండి. దాని దగ్గర ఈత పనులు తొడుగులు లేకుండా చేయకండి.

*ప్యాకెట్ పాలు కూడా కాచాలా?* పాశ్చరైజ్ చేసిన పాలలో ఈ సూక్ష్మజీవి ఉండదు. అయినా దారిలో, దుకాణంలో చల్లదనం సరిగా ఉండదు కాబట్టి కాచుకోవడమే మంచిది.

*ఇంట్లో ఒకరికి వచ్చింది. మిగతావారు పరీక్ష చేయించుకోవాలా?* అవును. ఒకే కొట్టం, ఒకే పాలు కాబట్టి జ్వరం, ఒళ్లునొప్పులు ఉన్న ప్రతి ఒక్కరూ చేయించుకోవాలి.

నేను పైన చెప్పిన ఆ పాల వ్యాపారి ఇప్పటికీ పాలు పోస్తున్నాడు. కొత్త పశువును కొంటే ముందు దాన్ని ఇంటి వెనక చింతచెట్టు కింద నెల రోజులు కట్టేస్తాడు. చుట్టుపక్కలవాళ్లు మొదట్లో నవ్వారట. కిందటేడు ఇద్దరు వచ్చి, రక్తం పరీక్ష ఎక్కడ చేస్తారని అతన్నే అడిగి వెళ్లారు.